నీలం గీతకు పది నిమిషాలు

మా జిల్లాకు సముద్రం వచ్చిన సంగతి మా నాయన అన్నం తింటూ చెప్పాడు.

"కర్నూలు కింద ఉన్నన్నాళ్ళూ మనకు కొండలే గదా. ఇప్పుడు సముద్రం గూడా మనదే," అని, చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మార్కాపురం హైస్కూల్లో సోషల్ అయ్యవారు. మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన కొన్నేళ్ళకు గానీ ఆ జిల్లా పటం మా బడికి చేరలేదు. చేరిన రోజు ఆయన దాన్ని తరగతి గోడకు తగిలించి, తూర్పు అంచున ఉన్న నీలం పట్టీని పైనుంచి కిందికి వేలితో రెండుసార్లు తడిమాడంట. ఆ సంగతి నాతో చదివే పిల్లలు చెప్పి నవ్వారు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మనిషి ఏళ్ళ తరబడి పిల్లలకు రేవుల గురించి, తెరచాప ఓడల గురించి, బందరులో దిగిన పరదేశి వర్తకుల గురించి పాఠం చెబుతున్నాడు. అప్పటికి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, మా అమ్మది బందరు పక్క పల్లె.

ఈ మాట మా ఇంట్లో పైకి వచ్చేది కాదు. నాకు తెలిసింది కూడా రాచర్లలో ఉండే మా అత్త వల్ల, అంటే నాయన అక్క వల్ల. నాయనకు పెళ్ళికి ముందు టైఫాయిడ్ వచ్చి మిషను ఆసుపత్రిలో మూడు వారాలు పడుకున్నాడు. అమ్మ అక్కడ నర్సు పని నేర్చుకుంటూ ఉంది. "ఆ పిల్ల నాడి పట్టుకున్నప్పుడల్లా మీ నాయనకు జ్వరం పెరిగేది," అని అత్త పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. జ్వరం తగ్గినాక ఆసుపత్రి గుడిలోనే పెళ్ళి జరిగింది. అమ్మకు తల్లి లేదు, ఉన్నది తండ్రి ఒక్కడే. ఆయన పెళ్ళికి ముందు రోజు వచ్చి, వరండాలో నిలబడే, ఒకే మాట చెప్పి వెళ్ళిపోయాడంట. తాగడానికి నీళ్ళు లేని ఊరికి నా పిల్లని ఇవ్వను, కాదని పోతే మళ్ళీ నా మొహం చూడొద్దు, అని.

అమ్మ మార్కాపురం వచ్చి రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. మూడోది రాయలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె మాట విని నవ్వేవాళ్ళు, వచ్చాడు వెళ్ళాడు అంటుందని. ఏడాది తిరగకముందే ఆమె కూడా వచ్చినాడు, పోయినాడు అనడం మొదలుపెట్టింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ మాట ఒక్కటే, దాన్నీ దాచేసింది. ఒక్కోసారి కూర తరుగుతూ, ఎవరితోనూ కాకుండా, "ఇప్పుడాయనకు డెబ్భై దాటి ఉంటాయి," అనేది. అంతే. ఆ ఒక్క ముక్క చాలు నాకు. ఆమెకు కావలసింది ఈ లోకంలో ఒకటే, ఆయన్ని మళ్ళీ చూడడం. అది ఆమె అడగదు. అడిగించే ధైర్యం నాయనకు లేదు.

ఇట్లాంటి ఇంట్లో, జిల్లా పటం వచ్చిన వారానికి, నాయన ఒక సాయంత్రం నన్ను పిలిచి, "మనిద్దరం బందరు చుట్టూ సైకిళ్ళ మీద తిరిగొద్దామా?" అన్నాడు.

"సముద్రం మన జిల్లాకే వచ్చిందంటివి గదా నాయనా, ఒంగోలు పోతే సరిపోదా?"

"అది యాడికి పోతాది? ఎప్పుడన్నా చూడొచ్చు. బందరుది చరిత్ర ఉండే సముద్రం."

వంటింట్లో రోలు చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆయన ఎందుకు బందరే అంటున్నాడో ముగ్గురికీ తెలుసు. ముగ్గురమూ చరిత్ర గురించే అన్నట్టు నటించాం. ఆ చుట్టు ఈ రోజుకీ పూర్తి కాలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ దాన్ని రెండు చలికాలాలు గీసుకున్నాం, అంత సుఖంగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.

పటం పాత కాగితాల దుకాణంలో దొరికింది. కృష్ణా జిల్లాది, మూల చిరిగి, మధ్యలో నూనె మరకతో. అది ముట్టుకుంటే పొడి రాలేది కాబట్టి, దాన్ని పెద్దదిగా ఎక్కించుకోవడానికి నాయన పలకల ఫ్యాక్టరీ నుంచి ఒక బండ తెచ్చాడు. మా ఊళ్ళో పలక రాయికి కొదువేముంది! చట్రం బిగించని, అంచు పగిలిన బండ, నా భుజం ఎత్తు ఉండేది. దాన్ని నడవలో గోడకు ఆనించి, బలపంతో బందరును మధ్యలో పెట్టి, చుట్టూ ఊళ్ళు దింపాడు. పెడన, బంటుమిల్లి, మంగినపూడి, అవనిగడ్డ, చల్లపల్లి. రోజూ సాయంత్రం లాంతరు వెలిగించకముందు, ఆ వెలుగూ చీకటీ కలిసిన వేళ, నల్ల బండ మీద తెల్ల గీతలు నెమ్మదిగా కదులుతున్నట్టు అనిపించేవి. నాయన ఒక్కో ఊరి పేరూ చదివేవాడు. నేను కళ్ళు మూసుకుని తొక్కేదాన్ని. కుడి పక్క వరి, ఎడమ పక్క కాలువ, ఎదురు గాలి. వరి ఎట్లా ఉంటుందో తెలుసు. కాలువ మటుకు ఊహ. ఊహలో అది మా గుండ్లకమ్మ ఏటంత వెడల్పుగా వచ్చేది, దాని నిండా ఇసుకే వచ్చేది.

పటంలో నీలం గీతలు చాలా ఉన్నాయి. బందరు కింద, సముద్రం అంచున, చెయ్యి వేళ్ళు చాపినట్టు లోపలికి వచ్చే గీతలు. దారి గీత వాటిని దాటాలి. ఇక్కడ మేం ఏం చేశామో చెబితే కోస్తా వాళ్ళు ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. మా వైపు పటంలో నీలం గీత ఉందంటే అది వాగు. వాగంటే ఇసుక. సంవత్సరంలో పది రోజులు నీళ్ళు పారతాయి, మిగతా రోజులన్నీ దాంట్లో మేకలు పడుకుంటాయి. సైకిలు మీద వాగు వస్తే దిగి, హ్యాండిలు గట్టిగా పట్టుకుని, ఇసుకలో నెట్టుకుంటూ పోవాలి, అవతల ఎక్కాలి. కాబట్టి నాయన బండ మీదికి దింపిన ప్రతి నీలం గీత పక్కనా "ప.ని." అని రాశాడు. పది నిమిషాలు. అన్నిటికన్నా లావు గీత ఒకటి ఉంది, బందరుకు దక్షిణాన. దానికి అరగంట ఇచ్చాడు. "ఇసుక ఎక్కువుంటాది," అన్నాడు, ఎంతో అనుభవం ఉన్నవాడిలాగా.

ఇక నీళ్ళ సంగతి. మా వైపు మనిషి ఊరికి బయల్దేరితే ముందు ఆలోచించేది తిండి కాదు, నీళ్ళు. దారిలో బావి ఎక్కడుంది, ఆ బావి నీళ్ళు తాగేవా, పశువులకేనా, ఎంత లోతు. అందుకని రెండు సైకిళ్ళకూ తగిలించే గుడ్డ సంచులు కుట్టించాడు, నీళ్ళు నింపుకోవడానికి. ఒక చేద, పన్నెండు బారల తాడు సిద్ధం చేశాడు. తాడును చుట్టి క్యారియర్ మీద కడితే అది పెద్ద తలపాగా అంత అయ్యేది. సైకిలు షాపు మామ, అంటే మా వీధి చివర చక్రాలు సరిచేసే ముసలాయన, అది చూసి గడ్డం గోక్కున్నాడు. "సార్, అక్కడ నీళ్ళ కోసం ఇంత తాడు దేనికి సార్?"

"బావులెంత లోతో ఎవరికి తెలుసు మామా? లేక ఇబ్బంది పడేదానికంటే ఉండి మోసేది మేలు."

ఇదంతా వింటూ అమ్మ ఒక్క మాట అనేది కాదు. నడవ ఊడ్చేటప్పుడు బండ కింద రాలిన బలపం పొడిని మాత్రం జాగ్రత్తగా, చీపురు తగలకుండా, చేత్తో ఎత్తేది. నాకప్పుడు అది శుభ్రం అనిపించింది.

మొదటి చలికాలం మేం సాధన చేశాం. నాకు పదహారేళ్ళు. మార్కాపురంలో ఆడపిల్ల సైకిలెక్కితే అరుగుల మీద కూర్చున్న వాళ్ళ మెడలన్నీ ఒక్కసారే తిరిగేవి. నేను లంగా కుచ్చిళ్ళు చైనుకు తగలకుండా దోపుకుని, వాళ్ళ వైపు చూడకుండా, కావాలనే బెల్లు కొట్టుకుంటూ పోయేదాన్ని. మొదట పెద్దారవీడు దాకా, కొండల నీడ రోడ్డు మీదికి వచ్చే వేళకు పోయి, తిరిగొచ్చాం. తర్వాత ధైర్యం వచ్చి రాచర్ల దాకా, తెల్లవారకముందు బయల్దేరి. దారిలో వచ్చిన ప్రతి వాగునూ నాయన గడియారం చూసుకుంటూ దాటాడు. "తొమ్మిది నిమిషాలు! చూసినావా!" అని ఇసుకలో నిలబడి అరిచాడు. మందలు తోలుకుపోతున్న వాళ్ళు ఆగి చూశారు. ఆ ఉదయం నల్లమల వైపు నుంచి సన్నటి మంచు దిగి రోడ్డు కనిపించకుండా చేసింది. ఆయన ముందు, నేను వెనక, చైను చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. మేం నిజంగానే సముద్రం పక్కన పోతున్నామని, మంచు తీసేస్తే నీళ్ళు కనిపిస్తాయని నేను నమ్మేశాను. మంచు తీసింది. కంది చేను కనిపించింది.

రాచర్లలో అత్త మమ్మల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందిరా, ఆడపిల్లను తీసుకొని ఊళ్ళెంబడి తిరుగుతాండావు? తిక్క లేసిందా నీకు?" నాయన నవ్వి, చెంబెడు నీళ్ళు తాగి, సముద్రం అన్నాడు, చరిత్ర అన్నాడు. అత్త నన్ను లోపలికి తీసుకుపోయి ఆ పెళ్ళి కథంతా మళ్ళీ చెప్పింది. చివర, "మీ అమ్మ కోసరం పోతాన్నానని చెప్పడానికి వానికి నోరు రాదు. సముద్రం సాకు," అంది.

ఆ చలికాలం మేం పోలేదు. నా పరీక్షలన్నారు, ఆయనకు సెలవు లేదన్నారు, సైకిలు ఫోర్కు మార్చాలన్నారు. ఎండలు వచ్చాయి. రెండో చలికాలం మళ్ళీ బండ ముందు కూర్చున్నాం. అవే ఊళ్ళు, అవే గీతలు. ఆయన ఈసారి ఊళ్ళ మధ్య దూరాలను ఫర్లాంగులతో సహా వేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా కోపం చిన్నప్పటి నుంచీ అంతే, వంటింటి పొయ్యి కన్నా ముందు అంటుకుంటుంది.

"నువ్వు పోయేది లేదు, పెట్టేది లేదు. ఊరికే గీతలు గీసుకుంటాండావు. నీకు భయం."

"ఏంది భయం?"

"ఆ తాత అంటే భయం."

ఆ మాట ఇంట్లో మొదటిసారి పైకి వచ్చింది. నాయన మొహం ఎర్రబడింది.  తర్వాత లేచి, బండ కింది అంచున తేదీ రాశాడు. శివరాత్రి సెలవు, దానికి ముందూ వెనకా పెట్టిన సెలవులు కలిపి ఆరు రోజులు. మొదటి రోజే ఆ లావు గీత దగ్గరికి పోతాం, శివరాత్రి మర్నాడు పొద్దున్నే దాంట్లో దిగి దాటతాం. "అరగంట," అని గట్టిగా చదివాడు.

అప్పుడు అమ్మ వచ్చింది. బియ్యం కడుగుతున్న చెయ్యి అట్లాగే తడిగా ఉంది. బండ ముందు వంగి, ఆ తడి వేలితో, మా దారి గీత ఆ లావు గీతను దాటే చోట తుడిచేసింది. నల్లటి రాయి మీద తడి మెరిసింది, చుట్టు అక్కడ తెగిపోయింది.

"అది ఎండదు," అంది.

"ఏది?"

"ఆ ఏరు. ఎప్పటికీ ఎండదు. అందులో ఇసుక లేదు, నిలువెత్తు నీళ్ళు. శివరాత్రి మర్నాడంటే అమావాస్య. అమావాస్యకి పోటు మామూలుగా రాదు, గట్టు దాకా వస్తుంది. ఆ రోజు, ఆ ఏట్లో, పిల్లని తీసుకుని దిగుతారంటండీ మీరు?"

పదిహేడేళ్ళుగా దాచిపెట్టిన మాట తీరు మొత్తం అట్లా ఒక్కసారి బయటకొచ్చింది. ఆమె గొంతు కూడా వేరేగా ఉంది, ఎవరో చిన్న వయసు మనిషిది లాగా. నాయన బలపం పట్టుకునే నిలబడ్డాడు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పకపోతివే? రెండేళ్ళ నుంచి పది నిమిషాలు, పది నిమిషాలు అని రాస్తాంటే చూస్తాన్నావు గదా?"

అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చెప్పింది. ఆ ఏటికి వంతెన లేదు. అవతల గట్టు తన ఊరు. అక్కడ ఉన్నది ఒక్కటే పడవ, అది ఆమె తండ్రిది. ఈ గట్టు మీద నిలబడి కేక వేస్తే ఆయన పడవ తెస్తాడు. ఏరు ఎండదని చెబితే ఎట్లా దాటాలని అడుగుతారు. పడవ అని చెబితే ఎవరిదని అడుగుతారు. "ఆ చుట్టు తిరగాలంటే ఆయన్ని పిలవాలి. పిలిస్తే వస్తాడో రాడో. రాకపోతే ఏం చెయ్యను?" అంది. "మీరు సాయంత్రం ఆ పేర్లు చదువుతుంటే చాలనిపించేది నాకు. మీరెటూ వెళ్ళరనుకున్నాను. రోజూ మా ఊరు దాకా వెళ్ళి వచ్చినట్టుండేది."

మేమిద్దరం ఊళ్ళో లారీ డ్రైవర్లను అడిగాం, పోస్టాఫీసులో అడిగాం, బంధువులెవరో బందరులో చదువుకున్నారంటే వాళ్ళకు కార్డు రాశాం. వంటింట్లో ఉన్న మనిషిని అడగలేదు. ఆమె బాధ పడుతుందని అడగలేదు అనుకున్నాం. నిజానికి మాకు తట్టలేదు. ఆ సాయంత్రం నాకు పట్టిన సిగ్గు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

నాయన బలపం కింద పెట్టి, "నువ్వు గూడా రా," అన్నాడు. "నా వెనక క్యారియర్ మీద కూర్చో."

 అమ్మ లేచి పోయి బియ్యం పొయ్యి మీద పెట్టింది. అన్నాలు తిన్నాం. పడుకున్నాం. మర్నాడు బడికి పోయేముందు సైకిలు షాపు మామ మా గుమ్మం ముందుకొచ్చి, "సార్, మేడం పొద్దున్నే వచ్చి క్యారియర్‌కు మెత్త పెట్టమన్నది. ఏ బండికి సార్, నీదా, పాపదా?" అని అడిగాడు. నాయన "నాదే, నాదే," అని రెండుసార్లు అన్నాడు. మామకు అందులో అంత సంతోషం ఎందుకో అర్థం కాలేదు.

తర్వాత పథకం వేసింది అమ్మే. శివరాత్రి వద్దంది, అమావాస్య పోయిన వారానికి, అష్టమి నాటికి పోదామంది. ఆ రోజుల్లో నీళ్ళు మెత్తగా ఉంటాయంట. నాయన హెడ్మాస్టరును బతిమాలి సెలవు మార్చుకున్నాడు. అమ్మ గుడ్డ సంచుల్లో ఒకదాన్ని తీసేసి అందులో నువ్వుల ఉండలు పెట్టింది. తాడు మాత్రం నాయన వదల్లేదు.

సైకిళ్ళను రైలు సామాన్ల పెట్టెలో వేసి, రైళ్ళు మారి బందరు చేరాం. ఆ ఊరు నాకు సగం నిద్రలో చూసినట్టు గుర్తుంది. పరదేశి వర్తకుల పాత సమాధుల దగ్గర నాయన టోపీ తీసినట్టు తల మీద చెయ్యి పెట్టుకోవడం, అద్దకం బట్టలు ఆరేసిన దడులు, గాలిలో ఉప్పు. మర్నాడు తెల్లవారి ముగ్గురం బయల్దేరాం. నేల ఇంత చదునుగా ఉంటుందని నాకు తెలియదు. తొక్కకపోయినా సైకిలు పోతున్నట్టే ఉంది. రోడ్డు పక్క ప్రతి చోటా నీళ్ళు, కాలువలో నీళ్ళు, గుంటలో నీళ్ళు, వరి మళ్ళలో నీళ్ళు. ఒక బావి దగ్గర నాయన ఆగి తొంగి చూశాడు. చెయ్యి చాపితే అందుతున్నాయి. ఆయన తన పన్నెండు బారల తాడు వైపు చూడలేదు, మేం ఆయన వైపు చూడలేదు. అమ్మ ఒక్కతే, క్యారియర్ మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు విన్నది కాదు.

దగ్గర పడేకొద్దీ నవ్వు ఆగిపోయింది. నేను దారి పొడుగునా ఆ తాతతో ఏం అనాలో సిద్ధం చేసుకున్నాను. మా అమ్మ ఏం తప్పు చేసింది, మా ఊళ్ళో కూడా మనుషులు బతుకుతున్నారు, ఇట్లా పెద్ద ఉపన్యాసమే. ఏటి గట్టు ఎక్కి చూసేసరికి ఉపన్యాసం ఎటో పోయింది. అంత నీరు. ఎండలో తెల్లగా, చప్పుడు లేకుండా, సముద్రం వైపు నుంచి ఊరి వైపుకు పోతున్న నీరు.

"వెనక్కి పోతాన్నాయే," అన్నాను.

"పోటు," అంది అమ్మ.

నాయన కళ్ళజోడు సరిచేసుకుని, "నదులు పోయి సముద్రంలో కలుస్తాయని ఇన్నేళ్ళు చెప్పినాను. సముద్రం లేచి ఇట్ల లోపలికొస్తాదని ఒక్కనాడు చెప్పలేదు," అన్నాడు.

అవతల గట్టున గుంజకు కట్టిన పడవ, దాని పక్కన కూర్చున్న మనిషి. అమ్మ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "పడవో!" అని కేక వేసింది. గొంతు సన్నగా వచ్చింది. ఆ మనిషి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు. లేవలేదు.

"పోటు ఆగేదాకా పడవ తియ్యరు," అంది అమ్మ, మాకు చెబుతున్నట్టు, తనకే చెప్పుకుంటున్నట్టు. కూర్చున్నాం. నీళ్ళ మీద పోతున్న పుల్ల ఒకటి నిదానించి, నిదానించి, ఒకచోట నిలబడిపోయింది. అవతల మనిషి అప్పటికీ లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. నాయన అమ్మ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు.

అమ్మ లేచి నిలబడింది. ఈసారి నోటి దగ్గర చేతులు పెట్టుకోలేదు. పడవను పిలవలేదు.

"నాన్నా!" అంది.

ఆ మనిషి కూర్చున్న చోటే ఉన్నాడు. తర్వాత లేచాడు. తాడు విప్పడానికి చాలాసేపు పట్టింది.

పడవ మా గట్టుకు రెండు బారల దూరంలో ఆగింది. నేను అనుకున్నంత పెద్ద మనిషి కాదు. ఎముకలు కనిపిస్తున్నాయి. ఆయన అమ్మను చూశాడు, సైకిళ్ళను చూశాడు, మా ఇద్దరినీ చూడలేదు.

"ఎంతమంది?"

"ముగ్గురం."

"సైకిళ్ళతో ఒక్కసారే పట్టరు. ముందు నువ్వెక్కు."

ఆయన పడవను గట్టుకు తెచ్చేదాకా అమ్మ ఆగలేదు. చీర తడుస్తున్నా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి ఎక్కేసింది. పడవ తిరిగి ఏటి మధ్యకు పోయింది. అక్కడ ఆయన పడవ నెట్టే గెడ వెయ్యడం మానేశాడు. అమ్మ కూర్చుని ఉంది, మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆయన మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. మాటలు మా దాకా రాలేదు. అసలు మాట్లాడుకుంటున్నారో లేదో కూడా తెలియలేదు. కాసేపటికి ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. పాటు మొదలైంది, నీళ్ళు వెనక్కి మళ్ళాయి. పడవ మెల్లగా పక్కకు తిరిగి, నీళ్ళతో పాటు సముద్రం వైపు పోతూ ఉంది. జీవితమంతా ఆ ఏరు దాటించిన మనిషి, పడవ ఎటు పోతుందో చూడడం లేదు. నాయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

చాలా దూరం పోయినాక తాత లేచి గెడ అందుకున్నాడు. అమ్మను అవతల దించి, మా కోసం మళ్ళీ వచ్చాడు. ఈసారి పడవ బురదలోకి గట్టిగా తగిలేదాకా తెచ్చాడు. నాయన రెండు చేతులతో రెండు సైకిళ్ళూ పట్టుకుని, పాఠం అప్పజెప్పడానికి లేచిన పిల్లవాడిలా నిలబడి ఉన్నాడు. ఆయన నాయనను కింది నుంచి పైదాకా చూశాడు.

"అల్లుడుగారూ," అన్నాడు. "సైకిళ్ళు పడుకోబెట్టండి. నిలబెడితే పడవ ఒరుగుద్ది."

నాయన వల్ల కాలేదు. తల ఊపుతూ అట్లాగే నిలబడ్డాడు. రెండు సైకిళ్ళూ నేనే పడుకోబెట్టాను.